మూడు పాయలు, నాలుగు సైకిళ్ళు

సెలవులు వచ్చినాయంటే మన వైపు కుటుంబాలు పోయే చోట్లు కొన్ని ఉన్నాయి. భక్తి ఉన్నవారు తిరుపతి పోతారు, చల్లదనం కోరేవారు ఊటీ పోతారు, ఏదీ కుదరనివారు బెంగుళూరులో చుట్టాలింటికి పోయి నాలుగు రోజులుండి వస్తారు. మేమూ ఇన్నేళ్ళూ అట్లాగే చేసినాము. ఈ డిసెంబరులో మాత్రం వేరొక తోవ పట్టదలచినాము. నాలుగు సైకిళ్ళు రైలుకెక్కించి గోదావరి జిల్లాకు పోయి, కోనసీమ లంకల్లో ఆరు రోజులు తొక్కి, అడ్డమొచ్చిన పాయలను పంటుల మీద దాటి రావాలని మా ఆలోచన. ఈ మాట చెప్పినప్పుడు నవ్విన వారే ఎక్కువ. ఆఫీసులో ఒకాయన, "ఇక్కడ రోజూ తొక్కేది చాలలేదా?" అన్నాడు. ఎందుకు పోతున్నాము, ఎట్లా పోతున్నాము అనే రెండు సంగతులూ రాస్తే, మన సంఘం కుటుంబాలలో ఇంకెవరికైనా ఉపయోగపడవచ్చునని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాము.

మాది కెలవరపల్లి. హోసూరులో గుమాస్తా ఉద్యోగం. ఇంట్లో మేమిద్దరము, తొమ్మిదో తరగతి చదివే పెద్దమ్మాయి, ఐదో తరగతి చదివే చిన్నవాడు, వీరందరి మీద పెద్దదిక్కుగా మా అమ్మ. మా తాతముత్తాతలు ఎప్పుడు ఈ గడ్డకు వచ్చినారో చెప్పగలవారు ఇప్పుడెవరూ లేరు. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు మా ఊరు మదరాసు రాష్ట్రంలో ఉండిపోయింది. జిల్లా పేరు మాత్రం మారుతూ వచ్చింది. సేలం పోయి 1965లో ధర్మపురి అయినది, 2004లో కృష్ణగిరి అయినది. ఇంట్లో మాట మాత్రం మారలేదు.

ఊరి పక్కనే నది ఉన్నది. నందికొండల్లో పుట్టి, హొసకోట మీదుగా దిగివచ్చే దక్షిణ పినాకిని. మా దగ్గర దానికి ఆనకట్ట కట్టినారు. కాని ఎగువన బెంగుళూరు వైపునుంచి వచ్చే మురుగు కలిసి, గేట్లెత్తిన రోజున నీళ్ళ మీద నురగ దిబ్బలు దిబ్బలుగా లేస్తుంది. పత్రికల్లో ఆ బొమ్మలు చూడనివారుండరు. మా పిల్లలకు నది అంటే దూరాన నిలబడి ముక్కు మూసుకుని చూసేది. నదిలో పడవ ఉంటుందని, ఆ పడవలో బడికి పోయే పిల్లలుంటారని చెప్తే చిన్నవాడు కథ అనుకుంటాడు.

అయితే ప్రయాణానికి అసలు కారణం నది కాదు. రెండేళ్ళ క్రితం నెల్లూరులో ఒక పెళ్ళికి పోయినాము. విడిదింట్లో పెద్దమ్మాయి వడ్డనకు సాయంగా తిరుగుతూ, "ఇంగొంచెం ఏసుకోండి, సాలునా?" అని ఒక పెద్దావిడను అడిగింది. ఆవిడ ముఖం విప్పారి, "మీరు అరవవాళ్ళా అమ్మా? తెలుగు బాగానే మాట్లాడుతున్నావే!" అన్నది. మెచ్చుకోలుగానే అన్నది, తప్పు పట్టడానికి లేదు. కాని పిల్ల ఆ తర్వాత పెళ్ళి అయినంతసేపూ నోరు విప్పలేదు. తిరుగు బస్సులో ఒకటే మాట అడిగింది. "మనం మాట్లాడేది తెలుగు కాదా, నాయనా?" అని.

ఇక్కడి కుటుంబాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇక్కడ మనలను తెలుగువారంటారు, అక్కడికి పోతే అరవవారంటారు. పెద్దవారము నవ్వి ఊరకుంటాము. పిల్లలు అట్లా ఊరకుండలేరు. ఇందుకు తోడు, 2006లో వచ్చిన తమిళ బోధన చట్టంతో తరగతి తర్వాత తరగతిగా పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయినది. తమిళం నేర్వవద్దని మేమనము. మేమూ ఆ భాషలోనే ఆఫీసు కాగితాలు రాసి అన్నం తింటున్నాము. కాని మా పిల్ల మాట తెలుగు, చదువు తమిళము. తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్పితే కూడబలుక్కుని చదువుతుంది, అదీ మేము బలవంతం చేసిన రోజున. పెళ్ళి నుంచి వచ్చినాక ఆ బలవంతానికీ లొంగడం మానేసింది. వచ్చే ఏడు పదో తరగతి. ఆ తర్వాత దాని తోవ ఎటో, మన మాట ఎంత దూరం వెంట పోతుందో చెప్పలేము. కాబట్టి పోతే ఈ సెలవుల్లోనే పోవాలి.

పోవడానికి కోనసీమనే ఎందుకు ఎంచినామంటే, తెలుగు దేశంలో దీవుల మీదుగా సైకిలు తొక్కే యోగం అంత సుళువుగా ఇంకొక చోట కుదరదు. ధవళేశ్వరం దాటినాక గోదావరి విడిపోతుంది. పెద్దలు ఏడు పాయలు చెప్తారు గాని, ఇప్పుడు సముద్రం దాకా పోయే పెద్ద పాయలు తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ, ఆ వశిష్ఠ నుంచి చీలి నడుమ పోయే వైనతేయ. గౌతమికీ వశిష్ఠకూ నడుమ నేల అంతా కోనసీమ. దానిని వైనతేయ మళ్ళీ రెండుగా కోస్తుంది. ఇవి గాక, పాయల గర్భంలో ఒండ్రు మేటవేసి లేచిన చిన్న దీవులు ఎన్నో. వాటినే లంకలంటారు. ఊడిముడిలంక, బూరుగులంక, జి. పెదపూడిలంక అని ఊళ్ళ పేర్లే ఆ సంగతి చెప్తాయి. వరద వచ్చిందంటే ఆ ఊళ్ళవారికి పడవ తప్ప గతి లేదు. చిన్నవాడికి లంక అంటే రావణుడిదొక్కటే తెలుసు. "అన్ని లంకలుంటే అంతమంది రాక్షసులా?" అన్నాడు. లంక అంటే చుట్టూ నీళ్ళున్న నేల అని, అది మన మాటేనని చెప్పినాము.

సైకిలు సంగతి. బస్సులోనో కారులోనో పోతే ఆరు రోజుల ప్రయాణం ఒక్క రోజులో ముగుస్తుంది. ఎక్కిన చోట ఒక మాట, దిగిన చోట ఒక మాట. పిల్లలు కిటికీ పక్కన కూర్చుని వెళ్ళి వస్తారు. సైకిలు మీద పోయేవాడు అట్లా తప్పించుకోలేడు. ప్రతి చీలిక దగ్గరా బోర్డు చదవాలి. బోర్డు లేకపోతే మనిషిని అడగాలి. దాహమైతే ఒక గుమ్మం ముందు ఆగాలి. రేవులో పంటు అవతలి గట్టున ఉంటే అది వచ్చేదాకా కూర్చోవాలి. అక్కడ పాలకావిళ్ళవారు, బడిపిల్లలు, కొబ్బరికాయల బేరగాళ్ళు అందరూ కూర్చునే ఉంటారు. ఏ ఊరు, ఎందాకా అని వారు అడగక మానరు, మనం చెప్పక తప్పదు. తోవ అడిగే పని పెద్దమ్మాయిది, బోర్డులు చదివే పని చిన్నవాడిది, మేము నోరు మెదపరాదు అని ముందే ఒప్పందం చేసుకున్నాము.

పంటు అంటే మన వైపు తెలియనివారి కోసం చెప్తున్నాము. రెండు పడవలను జోడించి పైన బల్లలు పరచిన చదునైన నావ. మనుషులు, సైకిళ్ళు, మోటారు బండ్లు అన్నీ దాని మీద నిలబడి ఏరు దాటుతాయి. పూర్వం గెడలతోను, తెరచాపతోను నడిచేవి, ఇప్పుడు ఇంజను పెట్టినారు. రేవు నడిపే హక్కును ఏటేటా వేలం పాడి తీసుకుంటారు. వంతెనలు వచ్చినకొద్దీ రేవులు తగ్గిపోతున్నాయి. యానాం దగ్గర ఎదుర్లంకకు వంతెన 2002లో వచ్చినది. బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద ఉన్నది, చించినాడ దగ్గర వశిష్ఠ మీద ఉన్నది. వంతెన వచ్చిన ఊరివారికి అది వరమే. రాత్రివేళ పురిటినొప్పులు వస్తే రేవులో పంటు కోసం నిలబడిన వారికే ఆ బాధ తెలుసు. మాబోటి వారికి మిగిలిన పెద్ద రేవులు రెండు. గౌతమి మీద కోటిపల్లి, ముక్తేశ్వరాల నడుమ ఒకటి. వశిష్ఠ మీద సఖినేటిపల్లి, నరసాపురాల నడుమ ఒకటి.

ఏ కాలంలో పోవాలన్నది రెండో చర్చ. ఆషాఢం మొదలు భాద్రపదం దాకా గోదావరికి వరద, పంటులు ఆపేస్తారు. ఆ పైన కార్తీకం దాకా తుపానుల భయం. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుపానును అక్కడివారు ఇప్పటికీ మరువలేదు. వేసవిలో ఉక్క, పైగా నీరు తగ్గి ఇసుక తిన్నెలు పడితే పంటుకు తోవ ఉండదు. సంక్రాంతికి పోతే కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చూడవచ్చును. గంగలకుర్రు ప్రభలను మోసేవారు భుజాల మీది బరువుతోనే కౌశిక నీళ్ళలో దిగి దాటే వేడుక ఒక్కసారైనా చూడవలసినదంటారు. కాని పొంగలు సెలవులు చాలవు, పండుగ రైళ్ళలో చోటు దొరకదు. కాబట్టి అర్ధసంవత్సరపు పరీక్షలు కాగానే డిసెంబరు చివరి వారమే ఖాయం చేసినాము. ప్రభలు ఈసారికి లేవు.

మా అమ్మ ఒప్పుకోవడమే కష్టమైనది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి నలభై మందికి పైగా పోయిన వార్త ఆమె మనసులో అట్లాగే ఉన్నది. "నీళ్ళ మీదికి పిల్లలను తీసుకపోయేదానికి మీకు చేతులెట్లా వచ్చె?" అన్నది. ఆమె భయం ఉత్త భయమని కొట్టివేయలేదు. అది వరద కాలమని, కొండల నడుమ సుడులుండే చోటని, మేము పోయేది నీరు నెమ్మదించిన కాలమని చెప్పినాము. అంతటితో ఆగక మా ఇంటావిడ నాలుగు నియమాలు రాసి గోడకు అంటించింది. నిండిన పంటు ఎక్కరాదు, తర్వాతది వచ్చేదాకా ఆగవలె. గాలి వాన ఉంటే ఆ రోజు ప్రయాణం లేదు. చీకటి పడినాక ఏరు దాటరాదు. పిల్లలకు తేలే జాకెట్లు ఇక్కడినుంచే తీసుకుపోవలె. ఈ నాలుగూ చదివి వినిపించినాకనే అమ్మ, "సరే, పోయి గోదారమ్మకు పసుపు కుంకుమ వేసి రండి" అన్నది.

సైకిళ్ళను చేర్చే సంగతి మేము అనుకున్నదానికంటె చిక్కైనది. బెంగుళూరు నుంచి కాకినాడ పోయే శేషాద్రి ఎక్స్‌ప్రెస్సులో పోయి భీమవరంలో దిగి, నరసాపురం రేవునుంచి మొదలుపెట్టాలని తొలి పథకం. పార్సెలు ఆఫీసులో విచారిస్తే, కొద్ది నిమిషాలే ఆగే స్టేషనులో సామాను దింపడం కష్టమన్నారు. రైలు ఆఖరు స్టేషను అయితే ఆ గొడవ లేదు. కాబట్టి తోవనంతా తిరగవేసినాము. కాకినాడలో దిగి తూర్పునుంచి పడమరకు తొక్కి నరసాపురంలో ముగిస్తాము. అక్కడా రైలు తోవకు అదే కొస గనుక తిరిగి ఎక్కించడం సులువు. ప్రతి సైకిలుకూ పేరు, ఊరు, చేరవలసిన స్టేషను రాసిన అట్టముక్క కట్టవలె. పెడళ్ళు విప్పి సంచిలో వేసుకుంటే మేలు.

సైకిళ్ళలో రెండు మావే. మూడోది మా అన్న కూతురిది, పదకొండో తరగతి పిల్లలకు తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చినది. నాలుగోది చిన్నవాడి కోసం పాత సామాను అంగడిలో కొని బాగుచేయించినది. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారమూ ఆనకట్ట తోవలో తొక్కుతున్నాము. మనది ఎత్తుపల్లాల నేల, ఎక్కడానికి మన పిల్లలకు కాళ్ళు అలవాటే. కోనసీమ అరచేయి మాదిరి చదును. అక్కడ కష్టం ఎక్కుడు కాదు, ఎదురుగాలి, సముద్రపు ఉక్క. మా లెక్కకు అన్నీ కలిపి నూట యాభై కిలోమీటర్ల చిల్లర, రోజుకు పాతిక, ముప్ఫై.

మొదటి రోజు కాకినాడ నుంచి యానాం. ఈ మజిలీ మీద మాకు ప్రత్యేకంగా మక్కువ. చుట్టూ ఆంధ్ర దేశమే అయినా యానాం ఫ్రెంచివారి చేతిలో ఉండి, 1954లో మన దేశపు పాలనలోకి వచ్చింది. 1962లో ఆ బదిలీ పూర్తిగా చట్టబద్ధమైనది. నేటికీ అది పుదుచ్చేరి ప్రభుత్వం కిందనే ఉన్నది. రాజధాని అరవదేశంలో, ఊరేమో గోదావరి ఒడ్డున. అయినా అక్కడ తెలుగుకు అధికార భాష హోదా ఉన్నది. ఇది చెప్పగానే పెద్దమ్మాయి చేతిలో పని ఆపి, "అంటే వాళ్ళూ మన మాదిరేనా?" అన్నది. ఆ రోజు మొదలు యానాం పేరు దాని నోట తరచు వినబడుతున్నది.

రెండో రోజు ద్రాక్షారామం. పంచారామాలలో ఒకటైన భీమేశ్వరాలయం. గోడల మీద స్తంభాల మీద పాత శాసనాలు చాలా ఉన్నాయి. మూడో రోజు కోటిపల్లి రేవులో గౌతమి దాటి ముక్తేశ్వరం మీదుగా అమలాపురం. నాలుగో రోజు గన్నవరం మీదుగా రాజోలు. గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు ఉన్నది. అంటే కింద ఏరు, కమానుల మీద కాలువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర నాటి పథకంలోనిదే తొలి కట్టడం. కొత్తగా కట్టినదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి లంకల గన్నవరంలో, పాయలు దాటి అలసి వచ్చే బాటసారులకు వేళ కాని వేళ కూడా అన్నం పెట్టి పేరు పొందినది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టినది. రేవుల దేశంలో అన్నదానం ఎందుకంత గొప్పదైనదో, పంటు తప్పిపోయి ఒక పూట గట్టున కూర్చున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. ఐదో రోజు అంతర్వేది, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు, లక్ష్మీనరసింహస్వామి సన్నిధి. ఆరో రోజు సఖినేటిపల్లి రేవు, నరసాపురం.

ఈ పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించే పని పెద్దమ్మాయికి అప్పగించినాము. మొదట తమిళ లిపిలో రాసుకున్నది. ఆ లిపిలో కకు, గకు ఒకటే అక్షరం. తకు, దకు ఒకటే అక్షరం. నాలుగు రోజుల తర్వాత చిన్నవాడు ఆ పుస్తకం తీసి చదువుతూ, "రాజోలు పక్కన తిండి అని ఊరుందంట, అక్కడ ఆగుదాము" అన్నాడు. ఊరి పేరు దిండి. ఇంట్లో అందరమూ నవ్వినాము, అదీ నవ్వింది. ఆ రాత్రి మేము చెప్పకుండానే మొదటి పేజీ చింపి, పేర్లన్నీ తెలుగులో మళ్ళీ రాసింది. ద్రాక్షారామం దగ్గర మూడు చోట్ల కొట్టివేత ఉన్నది. మేము దిద్దలేదు. నాలుగోసారి సరిగానే రాసింది.

పోయిన వారం కోటిపల్లి రేవు సంగతి కనుక్కోవలసి వచ్చింది. తెలిసినవారి ద్వారా రేవుగట్టున టీ అంగడి పెట్టుకున్న ఒకాయన ఫోను నంబరు దొరికింది. మాట్లాడవలసినది ఎవరన్నది ఒప్పందంలోనే ఉన్నది. పిల్ల అరగంట తటపటాయించి చేసింది. అది అడిగిన మాట మాకు వినబడింది. "సాయంత్రం కడాగా పొయ్యే పంటు ఎన్ని గంటలకు? మేము సైకిళ్ళు ఎత్తుకోని వస్తాండాము." అవతలినుంచి, "ఆయ్, ఎన్ని సైకిళ్ళమ్మా? నాలుగేనా? చీకటి పడకుండా వచ్చేయండి, ఎక్కించేస్తారు. చిన్నపిల్లలుంటే ఎండ దిగినాక బయల్దేరండి" అన్న జవాబు. అంతే. నీవు ఏ ఊరిదానివని గాని, ఇదేమి తెలుగని గాని ఆయన అడగలేదు. అడగడానికి ఆయనకు తీరిక లేదో, అవసరమే తోచలేదో. పిల్ల ఫోను పెట్టేసి, "వాళ్ళు ఎక్కించేస్తారు అంటారంట" అని, ఆ మాటను రెండు మూడు సార్లు వాళ్ళ యాసలోనే అని చూసుకున్నది.

ఆరు రోజుల్లో దానికి తెలుగు చదవడం వచ్చేస్తుందని మేము భ్రమపడడం లేదు. మళ్ళీ ఎవరో ఒకరు మీరు అరవవాళ్ళా అని అడగకపోరు. అడిగితే, మాది హోసూరు సీమ, మా తెలుగు ఇట్లాగే ఉంటుంది అని తలవంచకుండా చెప్పగలిగితే చాలును.

సెలవు చీటీ ఇచ్చినాము, పైవారు సంతకం చేసినారు. టిక్కెట్లు తీసినాము. పంక్చరు సామాను, గాలిపంపు, ఒక స్పేరు ట్యూబు, రెండు శేర్ల రాగిపిండి, అమ్మ ఇచ్చిన పసుపు కుంకుమ పొట్లము సిద్ధము. రాజోలు నుంచి అంతర్వేది దాకా కాలువ గట్ల మీద సైకిలు పోయే తోవ ఏది మంచిదో తెలిసినవారు మన పాఠకులలో ఉంటే, దయచేసి సంఘం కార్యాలయానికి రెండు ముక్కలు రాసి పంపవలెనని కోరుతున్నాము. జవాబు చదివేది మా అమ్మాయి గనుక అక్షరాలు కొంచెము పెద్దవిగా, విడివిడిగా రాయగలరు.